కథల్లో చెన్నమ్మ, ఊళ్లో చెన్నమ్మ

మన కథల్లో పనిమనిషికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు రచయిత చేతికి ముందుగా తగిలే పేర్లలో చెన్నమ్మ ఒకటి. యజమానురాలు మాధవి అవుతుంది, సుజాత అవుతుంది. గిన్నెలు తోమే మనిషి చెన్నమ్మ అవుతుంది. పాత్ర నోరు తెరవకముందే ఆ పేరు ఆమె కులాన్నీ, చదువునూ, కూలినీ చెప్పేస్తుందని రచయిత నమ్మకం. ఈ నమ్మకంలో వాస్తవమెంత, సోమరితనమెంత అన్నది తేల్చుకోవాలంటే మార్కాపురం వైపు ఒకసారి చూడాలి.

ముందు మాట సంగతి. చెన్ను అంటే అందం, సొగసు, ఒప్పు. మన కావ్యభాషకు ఇది బాగా ఇష్టమైన మాట. కన్నడంలో దీని చుట్టం ఇప్పటికీ సంతలో వినిపిస్తుంది. బాగుంది అనడానికి వాళ్లు 'చెన్నాగిదె' అంటారు. తెలుగులో మాత్రం అది రోజువారీ మాటల్లోంచి తప్పుకుని పద్యాల్లోనూ, మనుషుల పేర్లలోనూ నిలిచిపోయింది. అంటే సాహిత్య విద్యార్థి నిఘంటువు తిరగేసి అర్థం వెతుక్కునే మాటను వేలిముద్ర వేసే కూలిమనిషి ఊయలలో పడ్డనాటి నుంచీ మోస్తున్నది. అది మోటు పేరని మనం తీర్పు చెప్పాం!

ఈ పేరు ఇక్కడ ఇంతగా పాకడానికి కారణం చెన్నకేశవుడు. సంస్కృత కేశవుడి ముందు దేశిపదం చేర్చి జనం తమవాణ్ణి చేసుకున్న దేవుడతను. బేలూరులో హొయసల విష్ణువర్ధనుడు 1117లో ప్రతిష్ఠించినదీ, పల్నాటి మాచర్లలో బ్రహ్మనాయుడి పేరుతో, ఆయన చాపకూటితో ముడిపడినదీ, మార్కాపురంలో లక్ష్మితో కలిసి పూజలందుకుంటున్నదీ ఈ చెన్నకేశవుడే. మగపిల్లలు చెన్నయ్యలు, చెన్నారెడ్లు, చెన్నకేశవులు అయ్యారు, ఆడపిల్లలు చెన్నమ్మలయ్యారు. భూమి ఉన్న ఇంట్లోనూ ఈ పేరుంది, లేని ఇంట్లోనూ ఉంది. (పొరుగున నల్లమల వైపు వినిపించే చెంచమ్మ వేరు. అది చెంచులక్ష్మి కథతో, చెంచుల పేరుతో వచ్చింది. రెండింటినీ ఒకటిగా రాసేవారున్నారు కనుక చెప్పవలసి వస్తున్నది.)

కాబట్టి వర్గం పేరులో లేదు. పిలుపులో ఉంది. నలభై ఎకరాల ఆసామి భార్య అయితే చెన్నమ్మగారు. ఆమె పొలంలో కలుపు తీసే మనిషి 'ఒసే చెన్నీ'. అదే మనిషి తన వాడలో చిన్నవాళ్లకు చెన్నమ్మక్క, జుట్టు నెరిసాక చెన్నమ్మవ్వ. ఒక్క పేరు పొద్దుటి నుంచి సాయంత్రానికి ఎన్ని వాకిళ్లు దాటితే అన్ని రూపాలు పొందుతుంది. నిజమైన కథకుడికి ముడిసరుకు ఇక్కడుంది. నా తొలి కథల్లో ఒకదానిలో నేనూ చెన్నమ్మ చేత అంట్లు తోమించాను. కథ మొత్తంలో ఆమెను ఒక్కరైనా అక్కా అని పిలవలేదని చాలా ఏళ్లకు గాని గమనించలేదు. ఆమెకు వాడ లేకుండా చేసినవాణ్ణి నేనే.

పక్క రాష్ట్రంలో ఈ పేరుకు వేరే చరిత్ర ఉంది. పదిహేడో శతాబ్దంలో కెళది రాజ్యమేలిన రాణి చెన్నమ్మ. 1824లో కంపెనీ సైన్యాన్ని ఎదిరించిన కిత్తూరు రాణి చెన్నమ్మ. అక్కడ ఈ పేరు వింటే కత్తి గుర్తొస్తుంది. మన కథల్లో చీపురు. చీపురు తక్కువదని కాదు, దానికే కట్టిపడేయడం తప్పంటున్నాను.

మార్కాపురంలోనే ఇంకో పేరుంది, అది మరీ విచిత్రం. మారిక అనే పాలమ్ముకొనే స్త్రీ పేర వెలసినందువల్ల ఊరు మారికాపురమైందని, అదే మార్కాపురమైందని స్థానికంగా చెప్పుకుంటారు. కథ నిజమా కాదా అన్నది అలా ఉంచి, జనం తమ ఊరికి రాజు పేరు కాక పాలమ్మే మనిషి పేరు చెప్పుకోవడం గమనించండి. అయితే కూతుళ్లకు పెట్టుకున్నది మాత్రం దేవుడి పేరు. ఊరి పేరులో ఉన్న ఆడమనిషి ఇళ్లలోకి రాలేదు. ఈ ఊరు పలకలకు ప్రసిద్ధి. దేశమంతా అక్షరాలు దిద్దుకున్న ఆ పలకల పనిలో ఆడవాళ్లూ పిల్లలూ చేతులరగదీసుకున్నారు. వాళ్లలో ఎందరు తమ పేరు ఆ పలక మీద రాసుకోగలిగారన్నది మన సాహిత్యం ఇంకా అడగవలసిన ప్రశ్న.

ఇప్పుడు పసిపిల్లల్లో ఈ పేరు అరుదు. దీనికి సినిమాలనూ, పట్నం మోజునూ తిట్టడం తేలిక. కాని ఒక కారణం ఇంట్లోనే ఉంది. నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టడం ఆచారం. అత్త పేరు కోడలు పలకకూడదన్నదీ ఆచారమే. రెండూ ఎలా పొసగాలి? పిల్లకు చెన్నమ్మ అని పేరు పెట్టి, తల్లి మాత్రం ఏ లక్ష్మి అనో, బుజ్జి అనో పిలిచేది. పిల్ల బడికి పోనంతకాలం రెండు పేర్లూ పక్కపక్కనే బతికాయి. బడికి వెళ్లిననాడు పంతులు రిజిస్టరు తెరిచి పేరేమిటమ్మా అని అడిగాడు. తల్లి తాను పలకగలిగిన పేరే చెప్పింది.