పెట్రోలు వాగున పడితే

అమెరికా వాయవ్య మూలనున్న వాషింగ్టన్ రాష్ట్రంలో ఇండియన్ క్రీక్ అని ఒక చిన్న వాగుంది. సదర్లాండ్ సరస్సులో పుట్టి, 101వ నంబరు హైవే పక్కగా పారి, ఎల్వా నదిలో కలుస్తుంది. 2025 జులై 18, శుక్రవారం నాడు ఇంధనం మోసుకెళ్తున్న ఒక ట్యాంకర్ ఆ హైవే మీద అదుపు తప్పి వాగులో పడిపోయింది. అందులో ఉన్నది చాలావరకు పెట్రోలు, కొంత డీజిల్. బయటికి కారింది 3,000 గ్యాలన్ల దాకా ఉండొచ్చని అధికారులు మొదట అంచనా వేశారు. మన లెక్కలో 11,000 లీటర్ల పైమాటే.

దిగువనున్న పోర్ట్ ఏంజెలెస్ పట్టణం తాగేది ఎల్వా నీళ్లే. కబురు అందగానే అక్కడి నగరపాలక సిబ్బంది నదిలోంచి నీళ్లు తీసుకోవడం ఆపేశారు. కుళాయి నీళ్లు తాగొద్దనీ, నీటి వాడకం తగ్గించుకోమనీ ఊరందరికీ చెప్పారు. పరీక్షలు చేసి, నీళ్లలో దోషం లేదని తేలాక మర్నాడు ఆ హెచ్చరికను ఎత్తేశారు.

మొత్తం ఉదంతంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఈ పనే. లారీ పడిన చోట క్రేన్లు, ఫైరింజన్లు, కెమెరాలు చేరతాయి. చూపంతా అక్కడే ఉంటుంది. ఊరిని కాపాడింది మాత్రం దిగువన నీళ్లు తోడడం సమయానికి ఆపిన మనుషులు, వాళ్లకు సమయానికి అందిన కబురు.

ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే పెట్రోలు నీళ్లలో ఏం చేస్తుందో చూడాలి. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. డీజిల్ అంతకన్నా కాస్త బరువైనా నీటికంటే తేలికే. కాబట్టి రెండూ పైన తేలతాయి. ఆ తర్వాత వాటి దారులు వేరు. పెట్రోలు పలుచగా పరుచుకుని గబగబా ఆవిరవుతుంది. ఎండా గాలీ తగిలితే చాలా భాగం ఒకటి రెండు రోజుల్లో పోతుంది. డీజిల్ అంత తొందరగా వదలదు. ఒడ్డు గడ్డికి, వేళ్లకు, గులకరాళ్ల సందుల్లోని బురదకు పట్టుకుని, చాలా రోజులపాటు కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది.

పైన తేలే రంగుల తెట్టు కంటికి కనిపిస్తుంది కనుక, అది తీసేస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కనిపించని భాగం వేరే ఉంది. పెట్రోలులోని బెంజీన్ నీళ్లలో కరుగుతుంది. అది క్యాన్సర్ కారకం. తాగే నీళ్లలో లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశంలో ఇప్పుడు అమ్మే పెట్రోలులో బెంజీన్ 1 శాతం దాకా ఉండొచ్చు. అంటే లీటరు పెట్రోలులో 10 మిల్లీలీటర్లు, తూకంలో సుమారు 9 గ్రాములు. అదంతా నీళ్లలోనే కరిగిందనుకుంటే ఎనిమిదిన్నర లక్షల లీటర్లకు పైగా నీళ్లు ఆ హద్దు దాటిపోతాయి. నిజానికి ఎక్కువ భాగం గాలిలోకే పోతుంది. అయినా ఒక్క లీటరు పెట్రోలుకు ఈ లెక్క వస్తే, వేల లీటర్లు పడిన రోజున పంపు నడుస్తుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఆవిరైపోతుంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగింతలు బరువు. పైకి లేవదు, నేలబారుగా పాకుతుంది. వాగు లోయలో, తూముల్లో, కల్వర్టు కింద పేరుకుంటుంది. గాలిలో దాని పాలు 1.4 శాతం దాటితే చాలు, చిన్న నిప్పురవ్వకు అంటుకుంటుంది. సున్నాకు 40 డిగ్రీల కింద ఉన్నా అంటుకునే స్వభావం దానిది. డీజిల్‌కు మామూలు వేడిలో ఆ గుణం అంతగా లేదు. అందుకే వాగులో పడింది ఏ ఇంధనమన్నదే సహాయక సిబ్బంది అడిగే మొదటి ప్రశ్న.

అదే వాషింగ్టన్ రాష్ట్రంలో, బెల్లింగ్‌హామ్ పట్టణంలో 1999 జూన్ 10న జరిగింది వింటే ఈ ప్రశ్న విలువ అర్థమవుతుంది. అక్కడ లారీ కాదు, భూమిలోని పెట్రోలు పైపులైను పగిలింది. 2,37,000 గ్యాలన్లు, దాదాపు 9 లక్షల లీటర్లు, వాట్కమ్ క్రీక్ అనే వాగులోకి చేరాయి. సుమారు గంటన్నర తర్వాత నిప్పంటుకుని వాగు వెంట రెండు కిలోమీటర్లకు పైగా మంట పరుగెత్తింది. వాగు దగ్గర ఆడుకుంటున్న పదేళ్ల పిల్లలిద్దరు కాలిన గాయాలతో చనిపోయారు. చేపలు పడుతున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు మంట రాకముందే ఆవిరికి స్పృహ తప్పి నీళ్లలో మునిగిపోయాడు. ఆ ముగ్గురి చావు అమెరికా పైపులైను చట్టాన్నే మార్చింది. 2002లో భద్రతా నియమాలు కఠినం చేస్తూ కొత్త చట్టం తెచ్చారు.

ఇలాంటి ప్రమాదాల్లో సహాయక చర్యలకు ఒక వరస ఉంది. మొదట మనుషులు. గాలివాలుకు ఎదురుగా, అంటే గాలి మన వీపు వైపు నుంచి లారీ వైపు వీచేలా నిలబడి, చుట్టూ జనాన్ని దూరం పంపాలి. సిబ్బంది దగ్గర గాలిలోని ఆవిరిని కొలిచే పరికరం ఉంటుంది. అంటుకునే మోతాదులో పదో వంతు చూపించినా సాధారణంగా వెనక్కి తగ్గుతారు. తర్వాత మూలం. ట్యాంకర్ లోపల విడివిడి చాంబర్లుంటాయి కాబట్టి ఒకటి పగిలినా తక్కినవి నిలుస్తాయి. సరుకంతా ఒకేసారి పడిపోకుండా ఆపేది ఈ నిర్మాణమే. కారుతున్న చోటు మూసి, మిగిలినదాన్ని మరో ట్యాంకర్‌లోకి తోడాకే లారీని లేపుతారు. తొందరపడి ముందే లేపితే నిలిచిన చాంబర్లు కూడా చీలే ప్రమాదముంది.

మూడోది దారి మూయడం. ఇక్కడే నేర్పు కావాలి. ఇంధనం ఇంకా నేల మీదే ఉంటే మట్టి, ఇసుక చాలు. కాలువకు అడ్డంగా గట్టు వేయడం ఒక జేసీబీ పది నిమిషాల్లో చేయగల పని. రోడ్డు శుభ్రం చేద్దామని ఫైరింజన్ పైపుతో నీళ్లు కొట్టారంటే, రోడ్డు మీది బెడదను తామే తీసుకెళ్లి వాగులో కలిపినట్టవుతుంది. వాగులో దిగిపోయాక బూమ్‌లు వేస్తారు. నీళ్లను వదిలి నూనెను మాత్రమే పీల్చే పాలీప్రొపిలీన్ నింపిన పొడవాటి గొట్టాలవి. వాటిని ప్రవాహానికి సూటిగా అడ్డం కట్టడం తొలి రోజుల పొరపాటు. నీటి వేగం సెకనుకు 35 సెంటీమీటర్లు దాటితే తెట్టు బూమ్ కిందుగా జారిపోతుంది. ఏటవాలుగా కట్టి, తెట్టును ఒడ్డున ప్రవాహం లేని మడుగులోకి మళ్లించి, అక్కడ తోడాలి.

చిన్న వాగుల్లో ఇంకా బాగా పనిచేసేది అడుగున తూము పెట్టిన కట్ట. వాగుకు అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చి, వాటి మధ్యలోంచి ఏటవాలుగా పైపులు పెడతారు. పైపు ఎగువ నోరు నీటి అడుగున, దిగువ నోరు కాస్త ఎత్తున. అడుగు నీరు పైపులోంచి వెళ్లిపోతుంది, పైన తేలే ఇంధనం కట్ట వెనక నిలబడిపోతుంది. ఇసుక బస్తాలు, పైపులు మన ప్రతి మండలంలోనూ దొరుకుతాయి. గండ్లు పూడ్చే అలవాటున్న మన నీటిపారుదల సిబ్బందికి ఇది ఒక్క రోజులో నేర్పగల విద్య.

ఎక్కడ కట్టాలన్నది ఇంకో లెక్క. సెకనుకు అర మీటరు వేగంతో పారే వాగు గంటలో 1.8 కిలోమీటర్లు పోతుంది. లారీ పడి గంటయ్యాక సామగ్రితో వచ్చినవాళ్లు లారీ దగ్గర కట్టేసి లాభం లేదు. తెట్టు ముందు అంచుకన్నా ఇంకా దిగువకు వెళ్లి, దానికోసం కాచుకోవాలి. పెట్రోలు విషయంలో మరో తిరకాసుంది. కట్ట వెనక నిలబెడితే ఆవిరి కూడా అక్కడే పోగవుతుంది. చుట్టూ ఇళ్లుంటే నిలబెట్టకుండా ఆవిరైపోనివ్వడమే మేలని నిర్ణయించాల్సి రావచ్చు. అప్పుడు చేపలు పోతాయి, మనుషులు మిగులుతారు. అక్కడ నిలబడి ఆ నిర్ణయం తీసుకునే అధికారి మీద మనం దయ ఉంచాలి.

ఇండియన్ క్రీక్‌లో చేపలు పోయాయి. చచ్చి తేలినవి రెండు వేలు దాటాయి. వాటిలో ఎక్కువ కోహో సాల్మన్ పిల్లలు. అవి పుట్టాక ఏడాదికి పైగా చిన్న వాగుల్లోనే పెరిగి ఆ తర్వాత సముద్రానికి పోతాయి కాబట్టి జులైలో అక్కడ ఉన్నాయి. ఈ నష్టం బరువు తెలియాలంటే ఎల్వా చరిత్ర కొంచెం తెలియాలి. 1913లో పూర్తయిన ఎల్వా డ్యామ్, ఆ పైన 1927లో వచ్చిన గ్లైన్స్ కాన్యన్ డ్యామ్ సాల్మన్ దారి మూసేశాయి. ఇండియన్ క్రీక్ కలిసేది ఆ మొదటి డ్యామ్‌కు ఎగువనే. అంటే దాదాపు వందేళ్లు సముద్రం నుంచి వచ్చే సాల్మన్ ఆ వాగు మొహం చూడలేదు. లోయర్ ఎల్వా క్లలమ్ అనే ఆదివాసీ తెగ దశాబ్దాలు పోరాడితే, 2011లో కూల్చడం మొదలై 2014 నాటికి రెండు డ్యాములూ పోయాయి. చేపలు తిరిగొచ్చాయి. 2023లో ఆ తెగవాళ్లు మళ్లీ ఆ నదిలో కోహో పట్టుకున్నారు. అంత ఓపికగా తిరిగి తెచ్చుకున్న సంతతిలో ఎన్నో చేపపిల్లలు ఒక్క ప్రమాదంతో పోయాయి. అయితే లారీ పడిన చోటికి ఎగువనున్న వాగు బాగానే ఉంది. అక్కడి పురుగులు, చేపలే మెల్లగా దిగి వచ్చి కింది భాగాన్ని మళ్లీ నింపాలి.

ఇక మన సంగతి. విజయవాడ దగ్గర కొండపల్లిలో చమురు కంపెనీల డిపోలున్నాయి. అక్కడి నుంచి రోజూ ట్యాంకర్లు బయల్దేరతాయి. పక్కనే కృష్ణ, కాస్త దిగువన ప్రకాశం బ్యారేజీ. ఆ బ్యారేజీ పైన నిలిచిన నీళ్లే విజయవాడ తాగేది. మన వాగుల మీది వంతెనలకు దిగువన ఇసుకలో తవ్విన ఊటబావులు ఎన్ని పంచాయతీలకు నీళ్లిస్తున్నాయో గ్రామీణ నీటి సరఫరా ఇంజినీర్లకు తెలుసు. వంతెన మీద లారీ పడితే ముందుగా ఎవరికి ఫోన్ చేయాలో హైవే పెట్రోలింగ్ వాళ్లకు తెలుసా అన్నదే నా ప్రశ్న.

కావలసిన సమాచారం లారీ మీదే రాసి ఉంటుంది. కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం ప్రమాదకర సరుకు మోసే ప్రతి ట్యాంకర్‌కూ ఒక సమాచార పలక ఉండాలి. పెట్రోలు ట్యాంకర్ మీద 1203 అనే సంఖ్య ఉంటుంది, డీజిల్‌కు 1202. పెట్రోలు పలక మీద '3వైఈ' అనే కోడ్ కూడా ఉంటుంది. మూడు అంటే నురుగు వాడమని. 'వై' అంటే పేలే గుణముందని, శ్వాస పరికరం పెట్టుకోమని, సరుకును కాలువల్లోకి పోనీయకుండా ఆపమని. 'ఈ' అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయమని. నీళ్లు కొట్టి కడగకూడదన్న సంగతి ఆ 'వై' అక్షరంలోనే ఉంది.

ట్యాంకర్ బోల్తా పడిందంటే బిందెలు, డబ్బాలు పట్టుకుని పరుగెత్తే దృశ్యాలు మన టీవీల్లో చూస్తూనే ఉన్నాం. 2017 జూన్ 25న పాకిస్థాన్‌లోని అహ్మద్‌పూర్ షర్కియా దగ్గర అలా పెట్రోలు పట్టుకుంటుండగా మంట లేచి రెండు వందల మందికి పైగా చనిపోయారు. పేదరికం వాళ్లను అక్కడికి తెచ్చింది. దూరంగా ఉంచగలిగేది ముందే తెలిసిన ఒక్క మాట: ఆ ఆవిరి కనపడదు, పాకి వస్తుంది.

కాబట్టి చదివేవారికి ఒక విన్నపం. అలాంటి లారీ కనిపిస్తే గాలివాలు చూసుకుని దూరంగా వెళ్లండి. సిగరెట్ వెలిగించడం, బండి స్టార్ట్ చేయడం, ఫోటోల కోసం దగ్గరికి పోవడం వద్దు. దూరం వెళ్లాక 112కు ఫోన్ చేసి మూడు సంగతులు చెప్పండి: పలక మీది సంఖ్య, ఇంధనం నేల మీద ఉందా నీళ్లలో దిగిందా, ఆ వాగు ఎటు పోతుంది. పంచాయతీల్లో, పురపాలక సంఘాల్లో ఉన్నవారు తమ ఊరి పంపుహౌస్ ఆపరేటర్ ఫోన్ నంబరు ఎగువనున్న పోలీస్ స్టేషన్‌లోనూ, ఫైర్ స్టేషన్‌లోనూ రాసి ఉందో లేదో ఈ వారమే కనుక్కోండి. లేకపోతే మీరే వెళ్లి రాయించండి.