జీబీ చౌకే, రీచార్జే బరువు

2014లో మన దేశంలో ఒక జీబీ మొబైల్ డేటాకు సగటున 269 రూపాయలు పడేదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్క. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. మరుసటి ఏడాది మార్చి 31 దాకా డేటా ఉచితంగా పంచింది. ఆ దెబ్బకు ధరలు కుప్పకూలి, 2018 నాటికి జీబీ సగటు 12 రూపాయల లోపుకు వచ్చింది. 2019లో బ్రిటన్ సంస్థ కేబుల్.కో.యూకే 230 దేశాల ధరలు పోల్చి చూస్తే అన్నిటికన్నా తక్కువ మనదే, 0.26 డాలర్లు. అమెరికాలో 12.37, బ్రిటన్‌లో 6.66. 2023 నాటి పట్టికలో ఇజ్రాయెల్, ఇటలీ మనకన్నా చౌకగా కనిపించినా మనం 0.16 డాలర్ల దగ్గరే ఉన్నాం. కాబట్టి జీబీ లెక్కన ఇండియా చౌక. ఇందులో వాదన లేదు.

అయితే జేబు లెక్క వేరు. దాన్ని భీవండిలో వేసి చూద్దాం.

ముంబైకి దగ్గరలో, ఠాణే జిల్లాలో ఉన్న ఈ మరమగ్గాల ఊరికి కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు తరతరాలుగా వలస వెళ్తున్నారు. పద్మానగర్‌లో నడుస్తుంటే తెలుగే వినిపిస్తుంది. ఇక్కడ కూలి మీటరు లెక్కన. సాంచె, అంటే మరమగ్గం, ఆడితేనే డబ్బులు, కరెంటు పోతే ఆ గంట పోయినట్టే. పొద్దున ఎనిమిదికి షిఫ్టు ఎక్కినవాడికి ఆ చప్పుడులో ఫోను మోగినా వినపడదు. దారం తెగితే ముడి వేయాలి, కండె అయిపోతే మార్చాలి. రాత్రి ఎనిమిదికి గదికి వచ్చాక ఫోను చేతికొస్తే, ఆ రోజు డేటా వాడుకోవడానికి మిగిలేది నాలుగు గంటలు. 12 కొట్టగానే ఆ రోజు కోటాలో మిగిలినదంతా మురిగిపోతుంది. రోజుకు ఒకటిన్నర మీటరు బట్ట ఇస్తాం, ఆ రాత్రికే కుట్టించుకోకపోతే వెనక్కి తీసుకుంటాం అని ఏ సేఠ్ అయినా అంటే ఊరుకుంటామా?

2024 జూలై పెంపు తర్వాత జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ 299 రూపాయలు. మొత్తం 42 జీబీ. చుక్క మిగలకుండా వాడితే జీబీ 7 రూపాయల చిల్లర. పది జీబీయే వాడినవాడికి దాదాపు 30. ఇంత పెట్టలేనివాడికి 189 రూపాయల ప్లాన్ ఉంది. అందులో 28 రోజులకూ కలిపి రెండే జీబీలు. కాల్స్ అపరిమితం కాబట్టి మొత్తం డబ్బు డేటాకే పెట్టినట్టు కాదు. అయినా భాగించి చూడండి, జీబీకి 94 రూపాయల 50 పైసలు! డబ్బు తక్కువున్నవాడే ఎక్కువ రేటు కడుతున్నాడు. ప్రపంచ పట్టికల్లో ఈ మనిషి కనిపించడు.

ఆ 28 రోజుల గడువు సంగతీ చూడాలి. ఏడాదికి పన్నెండు నెలలు, రీచార్జులు మాత్రం పదమూడు. అంటే 299 ప్లాన్ నెలకు నిజంగా 324 రూపాయలు. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 2023లో మన తలసరి ఆదాయం 2,540 డాలర్లు, నెలకు సుమారు 17,500 రూపాయలు. అందులో 324 అంటే 1.85 శాతం. కనీస స్థాయి ఇంటర్నెట్ ఖర్చు నెలసరి తలసరి ఆదాయంలో 2 శాతం దాటకూడదన్నది ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ పెట్టిన హద్దు. సగటు మనిషి దాని లోపలే ఉన్నాడు, కాస్త ఇరుకుగా. అమెరికాలో విజిబుల్ అనే కంపెనీ 25 డాలర్లకు నెలంతా అపరిమిత డేటా ఇస్తోంది. అక్కడి సగటు నెలసరి ఆదాయంలో అది 0.4 శాతం కూడా కాదు. జీబీ రేటులో మనకన్నా ఎన్నో రెట్లు ఖరీదైన దేశంలో నెల బిల్లు మాత్రం జేబుకు తేలిక.

ఇప్పుడు ఇంటి లెక్క. నెలకు 15,000 తెచ్చే సాంచె కార్మికుడు అనుకుందాం. తనకో ఫోను, భార్యకో ఫోను, కాలేజీ పిల్లాడికో ఫోను. మూడు 324లు, 972. ఆదాయంలో ఆరున్నర శాతం. విలాసం అందామా అంటే బ్యాంకు ఓటీపీ, సేఠ్ పంపే కూలి డబ్బు, పిల్లాడి నోట్సు అన్నీ దాని మీదే.

ధర ఎలా పెరిగిందో కూడా చెప్పుకోవాలి. ఇదే 1.5 జీబీ ప్లాన్ 2019లో 149 రూపాయలు. ఆ డిసెంబరులో 199, 2021 డిసెంబరులో 239, 2024 జూలైలో 299. అయిదేళ్లలోపే రెట్టింపు. నెట్‌వర్కు మీద పెట్టిన పెట్టుబడి తిరిగి రావాలంటే ఒక్కో కస్టమరు నుంచి నెలకు 300 రూపాయల పైన రాబడి కావాలని ఎయిర్‌టెల్ అంటోంది. ఆ మాటలో కొంత న్యాయం ఉంది, 5జీ ఊరికే రాదు. కానీ పదేళ్ల కిందట డజను దాకా ఉన్న కంపెనీల్లో ఇప్పుడు ప్రైవేటువి మూడే మిగిలాయి. ట్రాయ్ ధరలను కంపెనీలకే వదిలేసింది. 2024లో పెంచినప్పుడు ముగ్గురూ ఒకటి రెండు రోజుల తేడాతో పెంచారు. అలాంటి చోట మనం ధర నచ్చక ఎక్కడికి పోతాం? ఆ జూలైలో ప్రభుత్వ సంస్థ బీఎస్ఎన్ఎల్‌కి నికరంగా సుమారు 29 లక్షల మంది కస్టమర్లు పెరిగారు. ఆ నెట్‌వర్కు వేగం తెలిసీ చేరారంటే ధర ఎంత గుచ్చుకుందో ఊహించుకోవచ్చు.

నన్నడిగితే జీబీ రేటు న్యాయమైనదే, ఫోను బతికించుకోవడానికి కట్టే కనీస ధర మాత్రం కాదు. 2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియాల్లో 35 రూపాయలతో 28 రోజులు నంబరు నిలిచేది. ఎయిర్‌టెల్‌లో 2024 జూలై నాటికి అది 199 అయింది. డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, ఎస్ఎంఎస్‌లతోనే ప్లాన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. మరుసటి నెల అవి వచ్చాయి. జియోలో 84 రోజులకు 448 రూపాయలు, అంటే 28 రోజులకు 149. సిరిసిల్లలో ఉన్న తల్లి భీవండి కొడుకు ఫోను ఎత్తడానికి, ఒక్క జీబీ కూడా వాడకుండా, కట్టాల్సింది అంత.