మందుల రసాయనశాస్త్రం చదవాలంటే ఇంటర్‌లోనే ఆలోచించాలి

శ్రీకాకుళం: పైడిభీమవరంలోని ఔషధ కర్మాగారాలను చూసి రసాయనశాస్త్రం వైపు మొగ్గు చూపే విద్యార్థులు జిల్లాలో ఎందరో ఉన్నారు. అయితే మందును పెద్దఎత్తున ఉత్పత్తి చేయడం వేరు, కొత్త మందు అణువును రూపొందించడం వేరు. ఈ రెండోదే మెడిసినల్ కెమిస్ట్రీ. ఇందులో పీజీ చేయదలచినవారికి ఇంటర్ తర్వాత తీసుకునే డిగ్రీయే కీలకం.

ఎం.ఫార్మసీలోని ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ విభాగంలో చేరేందుకు బి.ఫార్మసీ తప్పనిసరి. కెమిస్ట్రీ ఎమ్మెస్సీలో ఎన్ని మార్కులు వచ్చినా ఇందులో ప్రవేశం లభించదు. ఎంపీసీ, బైపీసీ విద్యార్థులు ఈఏపీసెట్ రాసి బి.ఫార్మసీలో చేరవచ్చు.

బీఎస్సీ వారికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. హైదరాబాద్ బాలానగర్‌లో 2007లో ప్రారంభమైన జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ నైపర్‌లో ఎం.ఎస్. మెడిసినల్ కెమిస్ట్రీ కోర్సు ఉంది. దీనికి బి.ఫార్మసీ వారితోపాటు ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినవారూ అర్హులే. మొదటివారికి జీప్యాట్, రెండోవారికి గేట్ లేదా నెట్ అర్హత ఉండాలి. ఆపై నైపర్ ప్రవేశపరీక్ష రాయాలి. ఎమ్మెస్సీ తర్వాత మరో రెండేళ్ల చదువు అంటే సామాన్య కుటుంబాలకు చిన్న భారం కాదు. అటువంటివారు సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ సాధించి నేరుగా పీహెచ్‌డీకి వెళ్లడమే మేలు. 2023లో పెంచిన ప్రకారం ఫెలోషిప్ తొలి రెండేళ్లు నెలకు రూ.37,000.

ఇంతకూ ఈ శాస్త్రంలో నేర్చేదేమిటి? భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో చేసిన కృషి ఇందుకు చక్కని ఉదాహరణ. శరీరానికి అవసరమైన ఫోలిక్ ఆమ్లం అణువులో ఒకచోట అమినో సమూహాన్ని చేర్చగా ఏర్పడిన అమినోప్టెరిన్, కణవిభజనకు అడ్డుపడే మందైంది. 1948లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దానితో పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగా అదుపు చేయగలిగారు. అణువులో చిన్న మార్పు శరీరంలో ఏ మార్పు తెస్తుందో ఊహించి, తయారుచేసి, పరీక్షించడమే ఈ చదువు.

అందువల్ల సంశ్లేషణ, శుద్ధి పద్ధతులు, ఎన్ఎంఆర్, మాస్ స్పెక్ట్రాలు చదవడం చేతికి అలవడాలి. సాధారణంగా ఎమ్మెస్సీ వారికి ఔషధ క్రియాశాస్త్రం కొత్త. బి.ఫార్మసీ వారికి ఆర్గానిక్ సంశ్లేషణలో అనుభవం తక్కువ. ఎవరి లోటును వారు మొదటి సెమిస్టర్‌లోనే పూడ్చుకోవాలి. ప్రయోగం చేయకుండా రికార్డు నింపే అలవాటు ఇక్కడ పనికిరాదు. కళాశాలలో చేరేముందు ఫలితాల ఫ్లెక్సీల కంటే ప్రయోగశాలను, వారానికి ఎన్ని గంటలు అందులో పని చేయనిస్తారన్నదాన్ని తెలుసుకోవాలి. అర్హత మార్కుల శాతాన్ని ఆ ఏటి ప్రకటనలో సరిచూసుకున్నాకే దరఖాస్తు చేయాలి.