శ్రీరామనవమి పానకం: వేసవి ముంగిట పెద్దల ఏర్పాటు

చైత్ర శుద్ధ నవమి నాటికి మా నల్లమాడ ప్రాంతంలో ఎండ ముదురుతుంది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని మండలమిది. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన సీమ. ఆనాడు రామాలయాల వద్ద, వీధి పందిళ్ళలో వచ్చిన వారందరికీ పానకం, వడపప్పు, మజ్జిగ పంచుతారు. కన్నడ దేశం పొరుగున ఉండటంచేత హిందూపురం వైపు వడపప్పులో దోసకాయ ముక్కలు, కొబ్బరి, కొత్తిమీర, నిమ్మరసం కలిపి కోసంబరిగానూ చేస్తారు. వేసవిలో ఊరంతా ఒకచోట చేరి భుజించే పండుగలు గ్రీసు దీవులలోనూ ఉన్నాయి. అయితే మన పండుగ పదార్థాలలో ఋతుచర్య ఇమిడి ఉండటం గమనింపదగినది.

చైత్ర వైశాఖాలు పంచాంగం ప్రకారం వసంత ఋతువు. చలికాలంలో పేరుకున్న కఫం సూర్యతాపానికి కరగి, జఠరాగ్నిని మందగింపజేస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. కనుక ఈ ఋతువులో తీపి, బరువైన పదార్థాలు మితంగా ఉండాలి. మరి పానకంలో బెల్లమెందుకు? ఒంటికి ఎండ సోకి చెమట పడుతున్నది గనుక నీరు, తీపి కావాలి. ఆ తీపి కఫాన్ని పెంచకుండా మిరియాలు, శొంఠి కాపు కాస్తాయి. ఏలకులు రుచిని, సువాసనను ఇస్తాయి. పెసరపప్పు లఘువు, కఫపిత్తాలను శమింపజేసేది.

గ్రీష్మం ప్రవేశించాక మాత్రం ఈ పాళ్ళు మారాలి. వాగ్భటుని అష్టాంగహృదయం గ్రీష్మంలో కారం, పులుపు, ఉప్పు తగ్గించి, తీయని, చల్లని, ద్రవరూపమైన ఆహారం తీసుకొమ్మంటుంది. ద్రాక్ష, ఖర్జూరం మొదలైన వాటితో చేసిన పానకాన్ని కొత్త మట్టికుండలో ఉంచి త్రాగమని కూడ అందులో ఉంది. అందుచేత మే నెలలో మిరియాలు చిటికెడు చాలును, శొంఠి మానవచ్చును.

మా ఇంట పాటించే కొలత ఇది: కాచి చల్లార్చిన నీరు 1 లీటరు, బెల్లం 100 గ్రాములు, మిరియాల పొడి అర చెంచా, ఏలకుల పొడి పావు చెంచా, శొంఠి చిటికెడు. బెల్లం కరగిన పిమ్మట వడగట్టి, మట్టికుండలో పోసి మూత పెట్టాలి. ఎక్కడి నీటితో చేసినదో తెలియని మంచు గడ్డలు వేయరాదు. వడపప్పును బాగా కడిగి గంటసేపు నానబెట్టి, వెంటనే తినాలి. ఎండకు త్వరగా పాడవుతుంది గనుక సాయంత్రానికి మిగల్చవద్దు.

మధుమేహం ఉన్నవారికి ఒక హెచ్చరిక. బెల్లం కూడ చక్కెరయే. పై కొలత ప్రకారం 200 మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు 20 గ్రాముల బెల్లం ఉంటుంది. అట్టివారు ప్రసాదంగా ఒక ఉద్ధరిణెడు పుచ్చుకొని, దాహానికి పలుచని మజ్జిగ త్రాగడం క్షేమం.

పానకం వడదెబ్బకు చికిత్స కాదు. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, స్పృహ తప్పినా ఆ మనిషిని నీడకు చేర్చి, ఒంటిపై నీళ్ళు చల్లి, విసురుతూ వెంటనే ఆసుపత్రికి తరలించాలి. స్పృహ లేనివారి నోట ఏ పానీయమూ పోయరాదు.

పందిట్లో నీడపట్టున ఉన్నవారికి పానకం సులభంగానే దొరుకుతుంది. చెరువు పూడిక తీసేవారికి, గొర్రెలు కాచేవారికి, ఇటుకలు మోసేవారికి దాని అవసరం ఎక్కువ. నవమి నాడు ప్రతి వీధివారూ ఒక కుండ అక్కడికి పంపి, వేసవి ముగిసే వరకు చలివేంద్రంలో మంచినీరు, మజ్జిగ ఉంచగలిగితే పెద్దల ఏర్పాటు సార్థకమవుతుందని నా నమ్మకం.