తెర చెప్పిన రంగు

కంటితో చూచినదే నిజమని లోకులందురు. కాని కంటికిని వస్తువునకును నడుమ కంప్యూటరు తెర నిలిచినపుడు ఆ మాట యెంతవఱకు చెల్లునో నేను నష్టపడి తెలిసికొంటిని.

మా కాపురము నెల్లూరు జిల్లా మైపాడు సముద్రతీరమున గలదు. కోవూరు చెంతనున్న పాటూరు చేనేతకు పేరుపొందిన యూరు. అచట నేతపని చేయు నొక సోదరి నా చిన్ననాటి నెచ్చెలి. ఆమె చీరలకు ఛాయాచిత్రములు తీసి ఇంటర్నెట్టులో కొనువారికి చూపుట నా పని. ఇటీవల క్రొత్త మానిటరు కొని, పెట్టె విప్పినది విప్పినట్లే వంకాయరంగు చీర చిత్రమును సవరింప గూర్చుంటిని. తెరమీద చీర నీలము తిరిగినట్లు తోచెను. అసలు చీరను ప్రక్కనుంచుకొని, రెండును సరిపోవు వఱకు చిత్రమునకు ఎఱుపు కలిపితిని.

కొన్న యిల్లాలు చీరను త్రిప్పి పంపెను. చిత్రమున దానిమ్మగింజ రంగు, చేతికందినది వంకాయరంగు అని ఆమె ఫిర్యాదు. పది దినముల కష్టము తిరిగి గడప త్రొక్కినది. నెచ్చెలి మడత విప్పి చూచి, "అక్కా, నూలు అబద్ధమాడలేదు గదా!" యనెను. నేను తల వంచుకొంటిని.

అంగళ్ల దీపకాంతిలో మెఱయుటకై క్రొత్త మానిటర్లు తఱచుగా మితిమీరిన వెలుగుతోను, నీలిఛాయ గల తెలుపుతోను వచ్చుచుండును. తెర నీలమును చీర నీలముగా నెంచి, లేని యెఱుపును చిత్రమున పోసితిని. ఉపాధ్యాయులైన మావారితో గూడి దీనిని చక్కబఱచిన విధము వినుడు.

మొదట తెరను అరగంట వెలుగనీయవలెను. రాత్రివేళ పసుపుకాంతి నిచ్చు నైట్ లైట్ వంటి యేర్పాటులను ఆపవలెను. మందారము చెంత స్ఫటికము ఎఱ్ఱబాఱునట్లు, గదిలోని వెలుగు తెరరంగును మార్చును. కావున తూర్పు కిటికీనుండి సముద్రముమీది ప్రొద్దుటి యెండ తెరపై పడకుండ తెర దింపితిమి.

తరువాత తెరపై తెల్లని పుట తెఱచి, ప్రక్కన తెల్లకాగితము పట్టి చూచితిమి. పుట దీపమువలె మండక కాగితమువలె కనబడు వఱకు బ్రైట్‌నెస్ తగ్గించితిమి. నలుపునుండి తెలుపు వఱకు మెట్లుగానున్న బూడిదరంగు పట్టీని తెఱచి, కడపటి తెలుపుమెట్లు కలిసిపోకుండ కాంట్రాస్టును, చీకటిమెట్లు మునిగిపోకుండ గామాను దిద్దితిమి. గామా 2.2, తెలుపు 6500 కెల్విన్ అనునవి సామాన్యముగా గ్రాహ్యములు. 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు రూపొందించిన ఎస్‌ఆర్‌జీబీ పద్ధతి మానిటరు మెనూలో నున్నచో దానినే యెన్నుకొనవచ్చును. విండోసులో ఈ సవరణలకు సాధనము గలదు. బూడిదమెట్లలో నే రంగుఛాయయు తోపకున్న తెర నమ్మదగినది.

అయినను కన్ను కొలబద్ద కాదు. ఏ తెలుపునకైనను కొలది నిమిషములలో అలవాటుపడును. నిక్కమైన కొలతకు తెరపై వ్రేలాడదీయు కలరీమీటరు గలదు. తెరలు కాలక్రమమున మాఱును గావున నెలకొకమాఱు పరీక్ష యవసరము.

చిత్రమును మరల సవరించి, క్రింద "వంకాయరంగు, మీ తెరపై కొంచెము భేదింపవచ్చును" అని వ్రాసితిని. కొనువారి తెర మన చేతిలోనిది కాదు గదా! ఆ చీర వేఱొక యింటికి వెళ్లినది, తిరిగి రాలేదు. పరుల కష్టమును చిత్రమున జూపు సోదరీమణులు ముందుగా తమ తెరను దిద్దుకొందురుగాక!