ముందు బ్రేకు... ఆ తర్వాతే ఇంజను!

సినిమాలో పాత కారు బాగుపడటానికి ఒక పద్ధతి ఉంది. షెడ్డు తలుపు తెరుచుకుంటుంది. దుమ్ము లేస్తుంది. హీరోగారు చొక్కా చేతులు పైకి మడుస్తారు. ఒక్క పాట... పాట అయ్యేసరికి కారు పెళ్ళికూతురిలా తయారై నిలబడుతుంది! 1958లో వచ్చిన 'చల్తీ కా నామ్ గాడీ'లో కిశోర్ కుమార్ సోదరులు ముగ్గురూ గ్యారేజీ నడిపిన నాటినుంచి, 2018లో మన 'టాక్సీవాలా' పాత కాంటెస్సా తోలిన దాకా, ప్రేక్షకులకు పాత బండి మీద ఉన్న మోజు అంతా ఇంతా కాదు. కానీ బ్రేకు సిలిండరు విప్పే హీరోని మాత్రం నేనింతవరకూ చూడలేదు.

మా జహీరాబాద్‌లో నేను లేవదీసిన ప్రీమియర్ పద్మినికి ఒక పాట చాలలేదండీ. పదకొండు నెలల ఆదివారాలు పట్టాయి. అంతకుముందు నాకొచ్చిన మెకానిజం ఏపాటిదంటారా? సైకిల్ చైను ఎక్కించడం, మోటార్ సైకిల్ ప్లగ్గు తుడవడం. అంతే!

పెద్దనాయిన బండి

క్లాసిక్ కారు అనగానే చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాంగారి 1912 నాటి పసుప్పచ్చ రోల్స్‌రాయిస్ గుర్తొస్తుంది మనవాళ్ళకి. మాది అంతటి వంశం కాదు. 1975 మోడలు పద్మిని. మా పెద్దనాయిన సెకండ్‌హ్యాండులో కొన్నది. మా వీధి పెళ్ళికొడుకులు చాలామంది అందులోనే ఊరేగారు. పద్దెనిమిదేళ్ళుగా రేకుల షెడ్డులో కదలకుండా ఉంది.

కిందటేడు తుక్కు కొనే ఆసామి వచ్చి కిలోల లెక్కన ధర చెప్పాడు. పెద్దనాయిన అవుననలేదు, కాదనలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం అన్నారు: "నా కండ్లు జర మంచిగున్నప్పుడే ఒక్కపారి ఝరాసంగం వోవాలెరా. ఆ బండిలనే వోవాలె." ఆయన చూపు ఏటికేడాది మసకబారుతోంది. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరస్వామి గుడి మాకు దగ్గరే. ఆటోలో వెళ్ళిరావచ్చు. కానీ ఆయన అడిగింది ఆటో కాదు కదా! మర్నాడే నేను షెడ్డు తాళం తీశాను.

ఈ పద్మిని కథ కూడా సినిమాకి తక్కువేం కాదు. ఇటలీ ఫియట్ 1100ని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేసేవారు. 1964లో 'డిలైట్', 1972లో 'ప్రెసిడెంట్', 1974 నుంచి చిత్తోడు రాణి పేరుతో 'పద్మిని'. 1089 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగు పక్కన గేరు కడ్డీ. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళున్నారు దీనికోసం! బొంబాయి నలుపు పసుపు టాక్సీలంటే ఒకప్పుడు ఇవే. ఇరవయ్యేళ్ళ గడువు తీరి 2023 అక్టోబరులో చివరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు దిగింది. పక్కనున్న కన్నడంలో జగ్గేష్ హీరోగా 2019లో 'ప్రీమియర్ పద్మిని' అనే సినిమాయే వచ్చింది. ఏ కారుకు దక్కింది ఆ భాగ్యం?

ఉస్తాద్ పాఠం

జహీరాబాద్‌లో మెకానిక్కులకు కరువు లేదు. ఊరి మీదుగా పూణే, మచిలీపట్నం హైవే పోతుంది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ వారు (అవును, ఆ వాచీల ఆల్విన్ వారే) జపాన్ నిస్సాన్‌తో కలిసి ఇక్కడే చిన్న లారీల ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత అది మహీంద్రా చేతికి వచ్చింది. ఇంటికొకరికి స్పానరు పట్టడం వచ్చిన ఊరు అంటే అతిశయోక్తే అనుకోండి, కానీ చిన్నదే!

హైవే పక్కన షెడ్డున్న ఒక పెద్దాయన్ని అందరూ ఉస్తాద్ అంటారు. వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగారు. నేను బానెట్ ఎత్తబోతే చేయి అడ్డం పెట్టారు. "ఇంజన్ సంగతి తర్వాత జూద్దాం బేటా. స్టార్ట్ అయినంక ఎట్ల ఆపుతవ్? ముందుగాల బ్రేక్ సూడు."

నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ములు తుప్పుతో కరుచుకుపోయి ఉన్నాయి. రోజూ కాస్త నూనె, కొయ్య సుత్తితో చుట్టూ చిన్న చిన్న దెబ్బలు... చివరిది ఊడి రావడానికి మూడు ఆదివారాలు! లోపల చక్రం సిలిండర్లలో పిస్టన్లు బిగుసుకుపోయాయి. బ్రేకు ఆయిలుకి గాలిలో తేమ పీల్చే గుణం ఉంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే ఆ తేమే లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. రబ్బరు గొట్టాల సంగతి మరీ మోసం. పైకి నల్లగా నిగనిగలాడుతుంటాయి, లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉంటాయి. పెడల్ తొక్కితే ఆయిలు వెళుతుంది, వదిలితే వెనక్కి రాదు, బ్రేకు పట్టుకునే ఉంటుంది. పైగా నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఎక్కడ కారినా పెడల్ నేలకు తగలాల్సిందే.

అన్నీ కొత్తవి వేశాం. కొన్ని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికాయి. కొన్ని బొంబాయి చోర్‌బజారు నుంచి లారీలో వచ్చాయి. లైనులో గాలి తీసేటప్పుడు మా చెల్లి పెడల్ తొక్కింది. "తొక్కు... పట్టుకో... వదులు!" అని నేను కింద పడుకుని అరుస్తుంటే, వీధిలోవాళ్ళు డాన్సు నేర్పిస్తున్నాననుకున్నారట.

తిరిగిన చక్రం

బ్రేకులు వదులయ్యాకగానీ ఇంజను జోలికి పోలేదు. పోవడానికి వీల్లేదు కూడా, ఎందుకో చెబుతాను. ఏళ్ళుగా ఆగిన ఇంజనుకి బ్యాటరీ తగిలించి తాళం తిప్పితే లోపల రింగులు విరగొచ్చు. ప్లగ్గులు నాలుగూ తీసి, ఒక్కో సిలిండరులో కాస్త ఆయిలు పోసి, అయిదు రోజులు నాననిచ్చాం. తర్వాత వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, నాలుగో గేరులో పెట్టి, ఆ చక్రాన్ని చేత్తో తిప్పాలి. చక్రం తిరిగితే ఇంజనూ తిరుగుతుంది. బ్రేకు పట్టేసి ఉంటే ఈ పని జరిగేదేనా?

మొదట కదల్లేదు. ఉస్తాద్ ముందుకూ వెనక్కూ ఊపమన్నారు. ఊపగా ఊపగా ప్లగ్గు రంధ్రాల్లోంచి 'ఫుస్స్' మని గాలి. ఆ చప్పుడు ముందు ఏ రీరికార్డింగూ చాలదు!

పెట్రోలు ట్యాంకు తీసి కడిగితే ఎర్రటి తుప్పునీళ్ళు. కార్బురేటరు జెట్లలో పాత పెట్రోలు జిగురై కూర్చుంది. ఇంకో సంగతి: ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాలు కలుస్తోంది. పాతకాలం రబ్బరుకి అది పడదు. అందుకే పెట్రోలు గొట్టాలు, పంపులో డయాఫ్రం ఇథనాలుకి తట్టుకునేవి వేయించాను. ప్లగ్గు వైర్లు 1-3-4-2 వరసలో తగిలించి, చోక్ లాగి తాళం తిప్పితే... నాలుగో ప్రయత్నానికి అందుకుంది. పొగకి షెడ్డులో పిల్లి పరార్!

నెంబరు ప్లేటు చిక్కు

మారుతీ ఇంజను వేయించు, డీజిలు వేయించు అని సలహాలిచ్చినవాళ్ళు డజను మంది. నేను వినలేదు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటేనే ఆ హోదా. మా బండికి యాభై నిండాయి. 'వీఏ' అక్షరాల నెంబరు వస్తుంది, గొప్పే! కానీ ఆ నెంబరుతో ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప, మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. మరి ఝరాసంగం?

అందుకని మామూలు రిజిస్ట్రేషనే రెన్యువల్ చేయించాం. ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకి ఆ ఫీజును 2025 ఆగస్టులో పదివేలు చేశారు. చురుక్కుమంది. తనిఖీ చేసిన అధికారి రంగు వంక చూడలేదు. (చూసుంటే ఏమనేవారో, రంగు ఇంకా వేయలేదు.) బ్రేకు తొక్కించి చూశారు. బండి సూటిగా ఆగింది.

ఝరాసంగం వెళ్ళాం. నేను తోలాను, పెద్దనాయిన పక్కన కూర్చున్నారు. గుడి కనపడేదాకా ఒక్క మాట లేదు. దిగబోతూ అన్నారు: "ఎనుక ఎడమదిక్కు బేరింగ్ మోగుతున్నదిరా. ఇనపడ్తలేదా నీకు?"

నాకు వినపడలేదు. ఉస్తాద్‌కి చెబితే చక్రం లేపి తిప్పి చూసి, నిజమేనన్నారు. వచ్చే ఆదివారం విప్పుతున్నాం.