శక్తి బృందపు రికార్డులు: గిటారుపై గమకం

కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం. స్వరాన్ని పలికించినంత మాత్రాన చాలదు. దానిని ఊపాలి, జార్చాలి. వీణకు మెట్లున్నా, తంతిని పక్కకు లాగి ఒకే మెట్టుపై పలు స్వరాలు పలికించవచ్చును. గిటారుకు అంతటి వెసులుబాటు లేదు. ఈ చిక్కును ఒక ఆంగ్లేయుడు ఎట్లు విప్పుకొన్నారో, అందుకు ఒక తెలుగు యువకుడు ఏమి జోడించారో 'శక్తి' బృందపు రికార్డులను వరుసగా విన్నచో మనకు బోధపడుతుంది.

యార్క్‌షైరులో 1942లో జన్మించిన జాన్ మెక్‌లాఫ్లిన్ విద్యుత్ గిటారుతో ప్రఖ్యాతులై, దానిని పక్కనబెట్టి ఈ బృందాన్ని కూర్చారు. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకీర్ హుస్సేన్, ఘటం వినాయకరామ్. గిటారు మెట్ల నడుమ చెక్కను లోతుగా తొలిపించి, తంతి క్రింద ఖాళీ కల్పించారు. అనునాదానికి ఏడు తంతులను అడ్డంగా బిగింపజేశారు. మొదటి రికార్డు 1975లో సౌతాంప్టన్ కళాశాలలో జరిగిన కచేరీ. 1977లో 'నాచురల్ ఎలిమెంట్స్'తో మూడు రికార్డులు పూర్తయినవి. మా దృష్టిలో వీటిలో వేగం హెచ్చు, విశ్రాంతి తక్కువ. తాళజ్ఞుల సంగతి వేరు. వారికి ఇవి పండుగే.

1997లో బృందం 'రిమెంబర్ శక్తి' పేర పునరుద్ధరింపబడిన పిమ్మట పాలకొల్లులో 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ అందులో చేరారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడగా, విన్నదానిని వాద్యంపై పలికించుటే ఆయన నేర్చిన పద్ధతి. జంట తంతులను తొలగించి ఐదు ఒంటి తంతులను అమర్చుకొన్నారు. లాగి పలికించుటకు ఒంటి తంతియే అనువు. మొదటి రికార్డులోని 'లోటస్ ఫీట్'ను విని, వెంటనే 2000లో వెలువడిన 'ది బిలీవర్'లో అదే రచనను వినుడు. వయొలిన్ పాడినచోట మాండొలిన్ పాడుతుంది. మెట్లున్నవన్న సంగతి స్ఫురించదు.

ఇది పరాయి వాద్యమని ముఖం చిట్లించే పెద్దలు నేటికీ ఉన్నారు. మన జిల్లాలోని కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా ఆలయవాద్యమైన నాదస్వరంతో 1998లో 'సంగీత కళానిధి' అయినప్పుడు, వాద్యానికి కులగోత్రాలు విచారించుట ఎందుకు?

శ్రీనివాస్ 45 ఏండ్లకే, 2014లో కన్నుమూశారు. శక్తి మరల కూడి 2023లో వెలువరించిన 'దిస్ మొమెంట్'కు మరుసటి యేడు గ్రామీ పురస్కారం లభించింది. అందులో మొదటి రచన పేరు 'శ్రీనీస్ డ్రీమ్'. 2001 నాటి రికార్డులో ఆయన వాయించిన 'గిరిరాజ్ సుధ' కూడ ఇందులో మరల వినవస్తుంది, మాండొలిన్ లేకుండా.